ఏటికి ఎదురీదు చేప, దానిని అనుకరించు యంత్రము

గోదావరికి ఎర్రనీరు తగిలినదనగానే అంతర్వేది మొదలు ధవళేశ్వరము వరకు జాలరులు వలలు సవరించుకొందురు. ఆ ఎర్రనీటి వాసన పట్టినట్లు సముద్రమునుండి ఒక చేప నదిలోనికి ఎక్కివచ్చును. సముద్రములో ఉన్నంత కాలము దానిని ఇలస అనియు, వలస అనియు పిలుతురు. వరదనీట పడి కొంత దూరము ఎదురీదిన తరువాత దాని పేరు పులసగా మారును. బంగాళీలు ఇలిష్ అని పిలుచుకొను చేపయు ఇదియే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టను గంగానది మత్స్యములను వర్ణించుచు ఆ దేశీయనామమునే దీని శాస్త్రీయనామమున నిలిపెను. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని టెనులోసా ఇలీషా అందురు.

పులస రుచిని గూర్చియు, దాని ధరను గూర్చియు కోనసీమలో చెప్పనివారు లేరు. యాంత్రికశాస్త్రము చదువుకొన్నవారికి మాత్రము ఆ చేపను చూడగానే వేరొక సందేహము కలుగవలెను. సముద్రతీరమునుండి ధవళేశ్వరమునకు 60 కిలోమీటర్లకు పైగా దూరము. ఆ దూరమంతయు వరద ఎదురుగా వచ్చుచుండును. గుడ్లు పెట్టుటకై ఎక్కివచ్చు చేప దారిలో మేత మేయుట చాల తగ్గించును. ఒంటిలో దాచుకొన్న కొవ్వే దానికి ఇంధనము. ఇంత చిన్న ప్రాణి ఇంత తక్కువ ఇంధనముతో ఆ ప్రవాహమును ఎట్లు గెలువగలుగుచున్నది?

ఈ ప్రశ్న పులసను గూర్చినదే కాదు. కొన్ని దశాబ్దములుగా యాంత్రిక ఇంజనీరులు చేపవలె ఈదు యంత్రములను నిర్మించుచు దీనికే సమాధానము వెదకుచున్నారు.

ముందుగా ఒక చిన్న లెక్క. నీటిలో కదలు వస్తువునకు కలుగు నిరోధము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. సామర్థ్యమనగా బలమును వేగముచే గుణించిన ఫలము కనుక, అది వేగము యొక్క ఘనమును అనుసరించును. వేగము రెండింతలైనచో సెకనుకు ఖర్చగు శక్తి ఎనిమిదింతలగును. అయితే మెల్లగా ఈదుటయే పొదుపు అనుకొనరాదు. నది సెకనుకు 1 మీటరు వేగముతో పారుచున్నదనుకొందము. చేప కూడ నీటితో పోల్చి 1 మీటరు వేగముతోనే ఈదినచో ఒడ్డుననున్నవానికి అది ఉన్నచోటనే ఉన్నట్లు కనబడును. శక్తి ఖర్చగుచుండును, దారి మాత్రము సాగదు. వేగము 1.1 మీటర్లయినచో సెకనుకు 10 సెంటీమీటర్లు మాత్రమే ముందుకు పోవును. ఒక మీటరు దారికి అయ్యే ఖర్చు, 1.1 యొక్క ఘనమును 0.1చే భాగించగా, 13.3 ప్రమాణములు. వేగము 1.5 అయినచో ఖర్చు 3.375ను 0.5చే భాగించగా 6.75. వేగము 2 అయినచో 8ని 1చే భాగించగా 8. కనుక అతి మెల్లగా ఈదినను నష్టమే, అతి వడిగా ఈదినను నష్టమే. ప్రవాహమునకు ఒకటిన్నర రెట్లు వేగమున ఈదుటయే అన్నిటికంటె చౌక. కలనగణితము నేర్చిన విద్యార్థులు దీనిని రెండు పంక్తులలో రుజువు చేయవచ్చును. ఆ వేగమున చేప గంటకు 1.8 కిలోమీటర్లు సాగును. 60 కిలోమీటర్లకు సుమారు 33 గంటలు పట్టును. చేప దేహమును నిలుపుటకు అగు ఖర్చును ఇందు చేర్చలేదు. ప్రవాహము అంతటను ఒకే వేగమున ఉండదు కూడ. నది నడుమ వడి ఎక్కువ, ఒడ్డున, అడుగున తక్కువ. అయినను లెక్క యొక్క స్వరూపము అర్థమగుటకు ఇది చాలును.

ఇక ముందుకు నెట్టు బలము ఎక్కడనుండి వచ్చును? లోతు తక్కువైన చోట పడవవాడు గడ వేసి అడుగునేలను నెట్టును. నేల కదలదు, పడవ కదలును. చేపకు అట్టి ఆధారము లేదు. దానికి చుట్టుపట్ల ఉన్నది నీరు మాత్రమే. నెట్టినకొలది అది జారిపోవును. అందుచేత చేప చేయవలసినది ఒక్కటే: నీటిని వెనుకకు విసరుట. విసరిన నీటికి కలిగిన ద్రవ్యవేగమునకు సమానమైన ద్రవ్యవేగము చేపకు ముందువైపునకు కలుగును. ఇది న్యూటను మూడవ నియమమే. కాని నీటిని విసరుటలో తెలివియు, తెలివితక్కువతనమును ఉన్నవి. 1 కిలోగ్రాము నీటిని సెకనుకు 10 మీటర్ల వేగముతో విసరినను, 10 కిలోగ్రాముల నీటిని 1 మీటరు వేగముతో విసరినను ద్రవ్యవేగము ఒక్కటియే. గతిజశక్తి మాత్రము మొదటిదానికి 50 జౌళ్లు, రెండవదానికి 5 జౌళ్లు. అనగా ఎక్కువ నీటిని మెల్లగా తోయుట లాభకరము. చిన్న మరను గిరగిర త్రిప్పు పడవకంటె, వెడల్పయిన తోకను తాపీగా ఊపు చేప ఈ విషయమున పైచేయిగా నుండుటకు కారణమిదియే.

తోక ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కొట్టినపుడు నీటిలో సుడులు పుట్టును. సుడులను గూర్చి తెలుసుకొనుటకు రాజమహేంద్రవరపు పిల్లలు పుస్తకము తెరువనక్కరలేదు. వరదకాలమున గోదావరి గట్టున నిలిచి వంతెన స్తంభముల దిగువకు చూచిన చాలును. 1900లో తెరచి, 1997లో విశ్రాంతి నిచ్చిన పాత హేవ్‌లాక్ వంతెనకు 56 ఖానాలు కలవు. దాని ప్రతి స్తంభము వెనుకను సుడులు ఒకటి కుడివైపున, తరువాతది ఎడమవైపున, ఇట్లు వంతులవారీగా విడివడి సాగిపోవును. ఈ వరుసకు కార్మాన్ సుడివీథి అని పేరు. స్తంభము వెనుక ఈ సుడులు తిరుగు తీరు ఎట్టిదనగా, వాటి నడుమనున్న నీరు మందగించి స్తంభమువైపునకు లాగబడును. స్తంభముపై పడు నిరోధమునకు ఇది గురుతు. చేపతోక విడిచిన సుడులు కూడ వంతులవారీగనే ఉండును గాని, వాటి తిరుగుడు దిశ సరిగా తారుమారు. అందుచే వాటి నడుమ నీరు ఒక ధారగా వెనుకకు చిమ్మబడును. చేపను ముందుకు నెట్టునది ఆ ధారయే.

తోక ఎంత మేర ఊగవలెను, సెకనుకు ఎన్ని మారులు ఊగవలెను అనునది చేప ఇష్టము కాదు. సెకనుకు ఊపుల సంఖ్యను ఊగు మేరచే గుణించి, ఈత వేగముచే భాగించినచో వచ్చు సంఖ్యకు స్ట్రౌహాల్ సంఖ్య అని పేరు. 1990 దశకపు ఆరంభమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన మైకేల్ ట్రయాంటఫిలో, ఆయన సహచరులు ఈ సంఖ్య 0.2కును 0.4కును నడుమ ఉన్నపుడే ఊపుడు రెక్క దక్షత హెచ్చుగా నుండునని చూపిరి. చేపలు, తిమింగలములు మాత్రమే కాక, ఎగురు పక్షులు, కీటకములు కూడ ఇంచుమించు ఈ హద్దులలోనే రెక్కలు కదలించునని 2003లో వెల్లడియైనది. 40 సెంటీమీటర్ల పులసకు ఈ సూత్రమును అన్వయింతము. చేపల తోక సాధారణముగా ఒంటి పొడవులో అయిదవ వంతు మేర ఊగును. అనగా 8 సెంటీమీటర్లు. వేగము సెకనుకు 1 మీటరు, స్ట్రౌహాల్ సంఖ్య 0.3 అనుకొన్నచో, తోక సెకనుకు సుమారు 3.75 మారులు ఊగవలెను. అపుడు ఒక్కొక్క ఊపునకు చేప 27 సెంటీమీటర్లు, అనగా తన పొడవులో మూడింట రెండు వంతులు ముందుకు పోవును. చేపలను నీటిచక్రములలో ఈదించి కొలిచినవారికి దొరకిన లెక్కయు దాదాపు ఇంతే.

సుడులు ఖర్చు మాత్రమే కావు, ఆదాయమును కావచ్చును. సిలిండరు వెనుకనుండు సుడులలో ట్రౌట్ అను చేపను ఈదించినపుడు అది సుడులనడుమ మెలికలు తిరుగుచు, కండరములను బహుస్వల్పముగా ఉపయోగించుచు నిలువగలిగెనని 2003లో జేమ్స్ లియావో, ఆయన సహచరులు కనుగొనిరి. 2006లో మరింత వింత బయటపడెను. అటువంటి సుడులలో చచ్చిన ట్రౌట్‌ను వదలగా, దాని మెత్తని దేహము సుడుల తాళమునకు ఊగి, ప్రవాహమునకు ఎదురుగా కదలెను. ప్రాణములేని చేప ఏటికి ఎదురీదినదన్నమాట! శక్తినిత్యత్వ నియమమునకు ఇందు భంగమేమియు లేదు. సుడులలోనున్న ప్రవాహశక్తినే ఆ దేహము కొంత రాబట్టుకొనెను. వశిష్ఠపై సిద్ధాంతము వంతెన, గౌతమిపై జొన్నాడ–రావులపాలెము వంతెన, యానాము–ఎదుర్లంక వంతెనల స్తంభముల వెనుక పులసకు ఇట్టి సాయము దొరకునా అనునది ఎవరైన పరిశీలింపదగిన విషయము. రాజమహేంద్రవరపు వంతెనలు మాత్రము ధవళేశ్వరపు ఆనకట్టకు ఎగువన ఉన్నవి. అక్కడికి చేరుట పులసకు సులువు కాదు. ఆ సంగతి తరువాత.

చేపల ఈత పండితులను తప్పుదారి పట్టించిన సందర్భము కూడ ఒకటి కలదు. 1936లో కేంబ్రిడ్జి జంతుశాస్త్రజ్ఞుడు జేమ్స్ గ్రే డాల్ఫిన్ ఈతను లెక్కగట్టెను. ఓడప్రక్కన 20 నాట్ల వేగమున దూసుకుపోయిన ఆ జంతువునకు కావలసిన సామర్థ్యము, దాని కండరములు ఇయ్యగలదనుకొన్నదానికి సుమారు ఏడు రెట్లు ఉన్నట్లు తేలెను. గ్రే విరోధాభాసమని దీనికి పేరు వచ్చినది. డాల్ఫిన్ చర్మమునందేదో మాయ కలదని పలువురు ఏండ్లతరబడి వెదకిరి. గ్రే కొలిచినది కొద్ది సెకనుల పరుగును. కండరబలమునకు తీసుకొన్నది మాత్రము చాలసేపు శ్రమించువారి లెక్కను. చిక్కు అందులోనే ఉన్నది. 2014లో ఫ్రాంక్ ఫిష్, ఆయన సహచరులు బుడగల తెరగుండా డాల్ఫిన్లను ఈదించి, బుడగల కదలికనుబట్టి బలమును నేరుగా కొలిచి, ఆ జంతువునకు కావలసినంత సామర్థ్యము కండరములలోనే కలదని చూపిరి. ఈ శాస్త్రజ్ఞుని ఇంటిపేరు ‘చేప’ కావడము కేవలము యాదృచ్ఛికము.

జీవించియున్న చేప చెప్పినట్లు ఈదదు. మన కొలతలకోసము తోకను సెకనుకు సరిగా మూడుమారులు ఊపుమన్న ఊపదు. అందుకే యంత్రపుచేప కావలసివచ్చెను. 1990 దశకపు నడుమ మసాచుసెట్స్ సంస్థలో ట్యూనా చేప ఆకారమున ‘రోబోట్యూనా’ నిర్మితమయ్యెను. సుమారు నాలుగడుగుల పొడవు, 2,843 విడిభాగములు, ప్రక్కటెముకలవంటి చట్రము, పైన సాగు తొడుగు. దానిని నీటితొట్టిపై బండికి వ్రేలాడదీసి లాగుచు, ఊపుచు, పడిన బలములను కొలిచిరి. తొట్టిలో నమూనాలను లాగి నిరోధము కొలుచుట నౌకానిర్మాణ శాస్త్రమున పాతపద్ధతియే. విశాఖపట్నమున 1969లో నెలకొన్న నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఇట్టి పనులకై 500 మీటర్ల పొడవుగల తొట్టి కలదు. మన దేశమున నీటిలోతులకు దిగు వాహనములకు మత్స్యనామములు తరచు పెట్టుదురు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన మానవసహిత జలాంతర్వాహనము పేరు ‘మత్స్య 6000’. పేరు చేపదే గాని ఈత చేపది కాదు. అది త్రిప్పుడు మరలతో కదలును.

రోబోట్యూనా తరువాత వచ్చిన యంత్రపుచేపలలో పెక్కింటికి ఒక లోపము ఉండెను. అవి తోకను మందముగా ఊపునవి. నిజమైన ట్యూనా, వంజరము జాతుల వడి వాటికి రాలేదు. 2019లో వర్జీనియా విశ్వవిద్యాలయము, హార్వర్డు విశ్వవిద్యాలయముల పరిశోధకులు కలసి ‘ట్యూనాబాట్’ అను యంత్రమును ప్రకటించిరి. పొడవు 25.5 సెంటీమీటర్లు. తోక సెకనుకు 15 మారుల వరకు ఊగగలదు. సెకనుకు తన ఒంటిపొడవునకు నాలుగు రెట్ల దూరము ఈదగలదు. 10 వాట్-గంటల బ్యాటరీ ఉన్నదనుకొన్నచో సెకనుకు 0.4 మీటరు వేగమున 9.1 కిలోమీటర్లు, 1 మీటరు వేగమున 4.2 కిలోమీటర్లు పోగలదని వారు లెక్కగట్టిరి.

ఈ రెండు అంకెలను పైన చెప్పిన ఘనసూత్రముతో పోల్చి చూడుట తరగతిలో మంచి అభ్యాసము. 0.4 మీటరు వేగమున 9.1 కిలోమీటర్లకు 6.3 గంటలు పట్టును. సామర్థ్యము సుమారు 1.6 వాట్లు. 1 మీటరు వేగమున 4.2 కిలోమీటర్లకు 1.17 గంటలు, సామర్థ్యము సుమారు 8.6 వాట్లు. వేగము రెండున్నర రెట్లు పెరిగినది. ఘనసూత్రము ప్రకారము ఖర్చు పదిహేను రెట్లకు పైగా పెరుగవలెను. పెరిగినది అయిదున్నర రెట్లకు లోపే. అనగా నీటినిరోధము ఒక్కటే ఖర్చు కాదు. మోటారులోను, కీళ్లలోను ఒరపిడి వంటి ఇతర వ్యయములు ఉండును. తోక దక్షత కూడ వేగమునుబట్టి మారును. ఖర్చు ఘనమును గాక వర్గమును అనుసరించినచో, ఏటికి ఎదురీదువానికి చౌకైన వేగము ప్రవాహమునకు ఒకటిన్నర రెట్లు గాక రెండు రెట్లగును. పులస విషయమున ఏది సత్యమో కొలిచి చూడకుండ చెప్పరాదు.

ఆ తరువాత పరిశోధకుల దృష్టి తోక బిగువుమీదికి మరలినది. గట్టిరేకు తోక నీటిని బాదును. మరీ మెత్తని తోక నీటికే లొంగిపోవును. నడుమ ఎక్కడనో తగిన బిగువు కలదు. అయితే అది ఒక్క వేగమునకు మాత్రమే తగినది. మెల్లని ఈతకు మెత్తని తోక, వడియైన ఈతకు బిగువైన తోక కావలెను. చేప తన కండరములతో తోకమొదటి స్నాయువును బిగించియు, వదలియు దీనిని సాధించుచున్నదని ఊహ. 2021లో వర్జీనియా పరిశోధకులే ఈదుచుండగా బిగువు మార్చుకొను తోకను యంత్రపుచేపకు అమర్చి చూచిరి. మారని బిగువుగల తోకతో పోల్చినపుడు శక్తి ఖర్చు ఇంచుమించు సగమునకు దిగెను.

ఈ వర్జీనియా బృందమునకు చెందిన ఆచార్యురాలు హిలరీ బార్ట్-స్మిత్ పూర్వపు పరిశోధన చేపలమీద కాదు, లోహపు నురుగుమీద. ఒకదానికొకటి సంబంధములేనట్లు తోచు ఈ రెండు విషయములును ఒకే ప్రశ్నకు రెండు రూపములు: కొద్ది పదార్థమును ఎచ్చట ఉంచి, ఎచ్చట ఖాళీ విడిచినచో కావలసిన చోట బిగువు, కావలసిన చోట మెత్తదనము లభించును?

లోహపు నురుగు అనగానే చదువరులకు ఆశ్చర్యము కలుగవచ్చును. మన వంటయింటిలో దీనికి సరియైన ఉపమానము కలదు. ఇడ్లీపిండి పులిసినపుడు పుట్టిన వాయువు పిండిలో బుడగలై నిలుచును. పిండి చిక్కగా ఉండుటచే బుడగలు పైకి తేలి పగిలిపోవు. ఆవిరిమీద ఉడుకగానే ఆ బుడగల గోడలు గట్టిపడును. పిండి పలుచనైనచో ఇడ్లీ రాయివలె అగునని ప్రతి ఇల్లాలికిని తెలియును. అల్యూమినియమునకు వచ్చిన చిక్కును సరిగా ఇదియే. 660 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరగిన ఆ లోహము నీటివలె పలుచన. అందులో ఊదిన బుడగలు క్షణములో తేలిపోవును. కనుక కరగిన లోహమున నూటికి ఒకటిన్నర వంతు కాల్షియము వేసి, గాలి తగులునట్లు కలియబెట్టుదురు. ఆక్సైడులు ఏర్పడి లోహము చిక్కబడును. పిమ్మట నూటికి 1.6 వంతుల టైటానియము హైడ్రైడు పొడిని కలుపుదురు. వేడికి అది విచ్ఛిన్నమై హైడ్రోజనును విడుచును. లోహము పొంగి మూసను నింపును. చల్లార్చిన పిమ్మట దొరకు దిమ్మలో పదింట ఒక వంతు మాత్రమే లోహము, తక్కినది బుడగలు. జపానులో 1980 దశకమునుండి ఈ పద్ధతిని పరిశ్రమగా నడిపిరి. అంతకు చాల ముందు, 1948లో, బెంజమిన్ సోస్నిక్ అను అమెరికనుడు అల్యూమినియములో పాదరసమును ఆవిరిచేసి నురుగు రప్పించు పద్ధతికి పేటెంటు పొందెను. పాదరసపు ఆవిరి విషము కనుక అది వాడుకలో నిలువకపోవుటయే మేలయ్యెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. హైదరాబాదులోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల అభివృద్ధి పరచిన ‘టైటానియము స్పాంజి’ ఈ జాతిది కాదు. టైటానియము టెట్రాక్లోరైడును మెగ్నీషియముతో క్షయీకరించినపుడు లోహము రంధ్రములమయమై దొరకును. దానిని మరల కరగించి దిమ్మలు పోయుదురు. అచట రంధ్రములు తప్పనిసరియైన మధ్యస్థితి. లోహపు నురుగున రంధ్రములే ప్రయోజనము.

ఆ ప్రయోజనమును లెక్కలో చూడవచ్చును. అల్యూమినియము సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. పదింట ఒక వంతు లోహముగల నురుగు సాంద్రత 0.27. అది నీటిపై బెండువలె తేలును. జాలరులు వలలకు కట్టు బెండ్లు తేలుటయు ఈ కారణముచేతనే. అందును ఎక్కువభాగము గాలియే. నురుగు బిగువు మాత్రము సాంద్రతతో సమముగా తగ్గదు. స్థూలముగా సాంద్రతల నిష్పత్తి యొక్క వర్గమును అనుసరించును. కనుక పదవ వంతు సాంద్రతగల నురుగునకు నూరవ వంతు బిగువు మాత్రమే మిగులును. ఇది నష్టమని తోచును గదా! కాని ఒకే బరువుగల రెండు పలకలను తీసికొనుడు. ఒకటి ఘనలోహము. రెండవది నురుగు, పదిరెట్లు మందము. పలక వంగకుండ నిలుచు బిగువు మందము యొక్క ఘనమును అనుసరించును. మందమువలన వేయిరెట్లు లాభము, పదార్థమువలన నూరురెట్లు నష్టము. నికరముగా నురుగుపలక పదిరెట్లు బిగువు. మన ఎముకల చివరలు లోపల జల్లెడవలె నుండుట వ్యర్థము కాదని దీనివలన తెలియును.

నురుగుదిమ్మను అదిమినపుడు మరియొక గుణము బయటపడును. మొదట అది సాధారణ లోహమువలె కొద్దిగా అణగును. తరువాత ఒక్కొక్క వరుస బుడగలు నలుగుచు, బలము దాదాపు పెరుగకుండనే దిమ్మ సగమునకు పైగా కుదించుకొనిపోవును. బుడగలన్నియు నలిగిన పిమ్మటనే బలము మరల హఠాత్తుగా పెరుగును. నడుమనున్న ఆ సుదీర్ఘదశలో దెబ్బయొక్క శక్తి అంతయు నలుగుటలోనే ఖర్చగును. మోటారుబండ్ల ఢీకొనుటలలో ఇట్టి పదార్థము పనికివచ్చుటకు కారణమిదియే. 1998లో బార్ట్-స్మిత్, ఆమె సహచరులు ఎక్స్-కిరణముల టోమోగ్రఫీతో దిమ్మ లోపలిభాగమును చూచుచు, నలుగుడు దిమ్మ అంతటను ఒక్కసారి కలుగదనియు, ఇంచుమించు ఒక బుడగ వెడల్పుగల పట్టీలలో ఆరంభమగుననియు, గోడలు వంకరపోయిన బుడగలే ముందు లొంగుననియు చూపిరి. దిమ్మ సగటు బలము కంటె దానిలోని బలహీనపు బుడగలే దాని నడతను నిర్ణయించును.

యంత్రపుచేపకు దీనితో పనియేమి? మోటారు, బ్యాటరీ, కీళ్లు కలసి 2 కిలోగ్రాములు తూగుచు 0.8 లీటరు చోటే ఆక్రమించినచో, అది మునిగిపోవును. నీటనడుమ తేలవలెనన్న 1.2 కిలోగ్రాముల తేలుడుబలము కావలెను. 0.27 సాంద్రతగల నురుగు లీటరుకు 0.73 కిలోగ్రాము తేల్చును. కనుక సుమారు 1.65 లీటర్ల నురుగు చాలును. అదే నురుగు వెన్నెముకగాను, చట్రముగాను కూడ ఉపయోగపడినచో రెండు పనులు ఒక్కదానితో నెరవేరును. చిన్న యంత్రములకు ప్లాస్టిక్ నురుగే చౌక; దానినే వాడుటయు న్యాయమే. లోహపు నురుగు విశేషము బిగువులో ఉన్నది. లోతునకు మాత్రము హద్దు కలదు. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపీడనము పెరుగును. 100 మీటర్ల లోతున నుండు పీడనము ఈ నురుగును నలిపివేయు బలమునకు చేరువయగును. అందుకే అగాధసముద్రమునకు పోవు వాహనములకు బోలు గాజుపూసలను జిగురులో పొదిగిన వేరు పదార్థమును వాడుదురు. గోదావరికి అంత భయము లేదు.

ఇక ధవళేశ్వరపు సంగతి. ఆర్థర్ కాటను 1847లో ఆనకట్ట పని ఆరంభించి 1852లో ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము భాగములుగా నదికి అడ్డుగా నిలిచిన ఆ కట్టడము, తరువాత దాని స్థానమున వచ్చిన కాటను బ్యారేజి, పది లక్షల ఎకరాల డెల్టాను తడుపుచున్నవి. డెల్టా అన్నము తినుచున్నది దానివలననే. ఆ మేలును పొగడుటలో చేప చెల్లించిన మూల్యమును మరువరాదు. అడ్డుకట్టలవలన వలసచేపలకు కలుగు ఆటంకమును ఫ్రాన్సిస్ డే తన 1873 నాటి నివేదికలోనే ఎత్తిచూపెను. గంగలో ఒకప్పుడు ఇదే చేప అలహాబాదు దాటి ఎగువకు పోయెడిది. 1975లో ఫరక్కా బ్యారేజి వచ్చిన పిదప ఎగువన అది దాదాపు కనబడకుండపోయెను. గోదావరి ఇలసపై 1963లోనే టి.వి.ఆర్. పిళ్లె, కె. వీరభద్రరావు సవివరమైన పరిశీలన ప్రకటించియుండిరి. కాని అది ఎంత వడితో, ఎంతసేపు ఎదురీదగలదను ప్రశ్న జీవశాస్త్రముతో పాటు యాంత్రికశాస్త్రమునకును చెందినది.

ఆ ప్రశ్న ఏల ముఖ్యమో చూడుడు. నీటిమట్టములలో 1 మీటరు తేడా ఉన్నచోట జారు నీటివేగము, 2ను గురుత్వత్వరణముతోను ఎత్తుతోను గుణించిన లబ్ధము యొక్క వర్గమూలము. అనగా సెకనుకు 4.4 మీటర్లు. 40 సెంటీమీటర్ల చేపకు అది ఒంటిపొడవునకు పదకొండు రెట్లు. పులస సాల్మను వలె ఎగిరి గోడలు దుముకు చేప కాదు. తేడాను 20 సెంటీమీటర్ల మెట్లుగా విభజించినచో ఒక్కొక్క మెట్టువద్ద వేగము 2 మీటర్లకు దిగును. చేపనిచ్చెన అను కట్టడము చేయు పని ఇంతే: 3 మీటర్ల ఎత్తునకు పదునైదు మెట్లు, మెట్టుకు మెట్టుకు నడుమ చేప అలసట తీర్చుకొనుటకు ఒక మడుగు. మెట్టు ఎత్తు ఎంత, మడుగు పొడవు ఎంత, సుడుల పరిమాణము ఎంత ఉండవలెననునది ఆ చేప ఈతనుబట్టియే నిర్ణయింపవలెను. సాల్మనుకు సరిపోయిన నిచ్చెన మరొక చేపకు సరిపోదు. అమెరికాలో కనెక్టికట్ నదిపై హోలియోక్ వద్ద పులసకు దగ్గరి చుట్టమైన షాడ్ చేపకొరకు 1955లో ఏకముగా లిఫ్టునే అమర్చిరి. దిగువన తొట్టిలోనికి చేరిన చేపలను నీటితో సహా పైకెత్తి ఎగువన విడుతురు.

పులస ఈతను కొలుచుటకు దానిని పట్టి నీటిసొరంగములో ఈదించుట చాల కష్టము. ఆ చేప బహు సుకుమారి. చేయి తగిలిన పొలుసులు రాలును. వలలో పడిన కొద్దిసేపటికే ప్రాణము విడుచును. కొన్ని ఆనకట్టలగుండా చేపకు కలుగు తాకిడులను కొలుచుటకు అమెరికాలోని పసిఫిక్ వాయవ్య జాతీయ ప్రయోగశాల వారు ‘సెన్సార్ ఫిష్’ అను గొట్టమువంటి పరికరమును తయారుచేసిరి. పీడనమును, కుదుపులను నమోదు చేయుచు అది నీటితో కొట్టుకొనిపోవునే గాని ఈదదు. పులస పొడవు, పులస ఆకారము, పులస తోకకున్నంత బిగువు కలిగి, చెప్పిన వేగమున ఎదురీదు యంత్రమునైతే, నమూనా నిచ్చెనలో నూరుమారులు ఎక్కించి, ఏ మెట్టువద్ద ఎన్ని వాట్లు ఖర్చయినవో వ్రాసికొనవచ్చును. దానికి తోక బిగువును కొలిచి చెప్పవలసినది మాత్రము నిజమైన పులసయే. ఆ కొలతకు బ్రతికియున్న చేప అక్కరలేదు. వరదరోజులలో యానాము సంతలోనో, రావులపాలెము వంతెనవద్దనో కొన్న చేప తోకను ఒక చివర బిగించి, రెండవ చివర చిన్న బరువులు వ్రేలాడగట్టి, ఎంత వంగినదో స్కేలుతో చూచుట ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో చేయదగిన పనియే. చేప ధరను భరింపగలిగినచో.